చెవి కోసిన పాఠం

పోయిన వారం కథ ఆపేసరికి నేను కోదాడ బ్రాంచిలో, జనార్దన్ సారు గదిలో నిలబడి ఉన్నాను కదా, అక్కడి నుంచే ఎత్తుకుంటాను. మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు ప్రవళిక. పుట్టిల్లు చివ్వెంల, మెట్టినిల్లు సూర్యాపేట. గ్రూప్స్ రాసే పిల్లలకు ఎకానమీ చెబుతాను. మా కోచింగ్ సెంటరుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలో బ్రాంచీలున్నాయి. ఓనరు జనార్దన్ సారు. ఆయన సొంత తమ్ముడి కొడుకు నవీన్ ఈ మధ్యనే మిర్యాలగూడలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. నా పాఠాలే, నా తీరులోనే, నాకంటే ఒక రోజు ముందు చెబుతున్నాడని పిల్లలు చెబితే, నిలదీద్దామని సారు దగ్గరికి వెళ్లాను.

సారు నన్ను కూర్చోమని కూడా అనలేదు. "నవీన్ పాఠాలు నువ్వే ఎత్తుకుపోయి చెప్తున్నావంట కదమ్మా" అన్నాడు.

దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. అంతటితో ఆగాడా! బుధవారం మిర్యాలగూడ క్లాసులో పిల్లలందరి ముందు నిలబడి, ఈ పాఠాలు నావి కావు, నవీన్ సారువి అని నా నోటితో నేనే చెప్పాలట. చెబితే ఉద్యోగం ఉంటుంది. చెప్పకపోతే మూడు ఊళ్లలోనూ నా క్లాసులు ఖతం.

"ఆలోచించుకో. నేను కూడా నీ కార్లోనే వస్తా. కోదాడ వచ్చి నన్ను ఎక్కించుకో" అన్నాడు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు సక్కటి దారి ఉండగా, నా మెడకు ఉరి వేసే మనిషిని నేనే కోదాడ దాకా వెళ్లి ఎక్కించుకు రావాలన్న మాట. సరే సార్ అన్నాను. గట్టిగానే అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను.

ముందు నా పద్ధతి చెప్పాలి. సోమవారం సూర్యాపేట, మంగళవారం కోదాడ, బుధవారం మిర్యాలగూడ. మూడు చోట్లా ఒకటే పాఠం. క్లాసులోకి వెళ్లగానే బల్ల మీద ఫోను పెట్టి, రికార్డింగు ఎర్ర చుక్క నొక్కి, అప్పుడు నోరు తెరుస్తాను. ఇంటికి వెళ్లాక కృష్ణ ఆ పాఠాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తాడు. కృష్ణ అంటే మా ఆయన. సూర్యాపేటలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు ఆయనది. మా కారు పాతది, అందులోని పాటల డబ్బా పెన్‌డ్రైవు గుచ్చితే తప్ప నోరు విప్పదు. "నీ పాఠం రెడీ పంతులమ్మా" అని పొద్దున్నే తాళాల గుత్తికి ఆ పెన్‌డ్రైవు తగిలించి చేతికిస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన నాకు చేసే ముద్దూ మురిపెం అంతా ఆ పెన్‌డ్రైవే అనుకునేదాన్ని.

దారంతా నా పాఠం నేనే వింటాను. ఎక్కడ నసిగానో, ఎక్కడ పరుగు తీశానో, ఏ ఉదాహరణ దగ్గర పిల్లలు నవ్వాల్సింది పోయి దగ్గారో అన్నీ వినబడతాయి. "ఓ తల్లీ, గంత ఉరుకుడెందుకే, బస్సు పోతున్నదా" అని నన్ను నేనే తిట్టుకుంటాను. సూర్యాపేటలో చెప్పింది పచ్చి పాఠం. కోదాడకు వచ్చేసరికి ఉడుకుతుంది. మిర్యాలగూడ పిల్లలకు వేడివేడిగా వడ్డిస్తాను. మొదట్లో నా గొంతు నేను వినలేకపోయేదాన్ని. ఏం గొంతే ఇది, గొర్రెల మందను పిలిచినట్టు, అని సిగ్గుపడేదాన్ని. మాది గొర్రెలు కాసే ఇల్లే, నాకు ఆ గొంతు రాక ఇంకే గొంతు వస్తుంది? ఒక్కతినే కూర్చుని, నా మాట నేనే విని, నేనే దిద్దుకుని, కారులో తయారైన పంతులమ్మను నేను. అట్లాంటి పాఠాన్ని ఎవడో వచ్చి నాదంటే ఊరుకుంటానా! ఆ పిల్లల ముందే తేల్చుకుందామని సరే అన్నాను.

ఆదివారం చివ్వెంల వెళ్లి అమ్మా నాయినల దగ్గర ఏడ్చాను. అవును, ఏడ్చాను, అందులో దాచుకునేదేముంది. మా నాయిన బీరయ్య వింటూనే దొడ్డి వైపు లేచాడు. అప్పుడే మంద ఇంటికి తిరిగింది. నీళ్ల దగ్గర పక్కవాళ్ల మంద కలిసిపోయిందట, ఏది ఎవరిదో తెలియని గందరగోళం. నాయిన లోపలికి దూరి, ఒక్కో గొర్రెనూ తలపట్టి ఎడమ చెవి చూసి, మావి ఇటు, వాళ్లవి అటు తోలేశాడు. మా మందకు పుట్టిన పిల్ల పుట్టినట్టే ఎడమ చెవి కొసన చిన్న కోత పెడతారు. అది మా ఇంటి గుర్తు.

చేతులు దులుపుకుని వచ్చి అప్పుడన్నాడు. "మంద కలిసినందుకు పరేషాన్ గావద్దు బిడ్డా. ఎత్కపోయినోడు గొర్రెకు రంగేస్తడు, బొచ్చు కత్తిరిస్తడు. కోసిన చెవిని అతికియ్యలేడు. నీ పాఠానికి చెవి కోసినవా?"

నేను ఏడుపు ఆపి ఆయన వైపు చూశాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "గిప్పుడన్న కొయ్యే" అంది.

సోమవారం సూర్యాపేటలో కోశాను.

ఆ రోజు పాఠం అవకాశ వ్యయం. ఒకటి ఎంచుకుంటే, దాని కోసం మనం వదులుకున్న రెండోది ఉంది చూశారా, అదే అసలు ఖర్చు. దీనికి పుస్తకాల్లో వరీ పత్తీ ఉదాహరణ ఉంటుంది. నేను అది పక్కన పెట్టి ఇట్లా చెప్పాను. నడిగూడెంలో అలివేలు అని ఒకామె ఉంది. పెద్దగట్టు జాతరకు పోవాలంటే మందను విడిచిపోవాలి. మంద దగ్గరే ఉంటే జాతర తప్పిపోతుంది. అలివేలు మందను ఎంచుకుంది. ఆమె కట్టిన ఖర్చు గడ్డీ కాదు, దాణా కాదు, ఆ జాతర. అక్కడ ఒక్క క్షణం ఆగి, "మీరెవరూ చూడని ఖర్చు అది" అన్నాను. పిల్లలు చప్పుడు చేయకుండా రాసుకున్నారు.

నడిగూడెంలో అట్లాంటి అలివేలు ఎవరూ లేరు. అలివేలు మా అమ్మ పేరు. ఆమె పుట్టిందీ మెట్టిందీ చివ్వెంల మండలమే, నడిగూడెం ముఖం కూడా చూడలేదు. అదీ నేను పెట్టిన కోత. ఆ సంగతి మా అమ్మకూ నాయినకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. కృష్ణకు కూడా చెప్పలేదు. దాచాలని కాదు, ఆ రాత్రి ఆయన షాపు నుంచి ఆలస్యంగా వచ్చి, పాఠం ఎక్కించి పడుకున్నాడు.

మంగళవారం సాయంత్రం మిర్యాలగూడ నుంచి అక్షిత నా ఫోనుకు ఒక రికార్డింగు పంపింది. నా పాత స్టూడెంటు, ఇప్పుడు నవీన్ క్లాసులో కూర్చుంటోంది. "మేడం, ఇయ్యాల నవీన్ సార్ చెప్పిన క్లాసు. మీరే ఇనుండ్రి" అని రాసింది. విన్నాను. విని, ఫోను పక్కన పెట్టి కడుపునిండా అన్నం తిన్నాను. వారం రోజుల తర్వాత నాకు ముద్ద దిగింది ఆ పూటే.

బుధవారం పొద్దున కృష్ణ యథాప్రకారం తాళాలు చేతికిచ్చాడు. "ఇయ్యాల పోవుడు అవసరమా? సారుతోని లొల్లెందుకు, జర తగ్గరాదు" అన్నాడు. ముఖం కడిగినట్టు లేదు, కళ్లు వాచి ఉన్నాయి. నా బాధ చూసి నిద్ర పట్టలేదేమో పాపం అనుకున్నాను. "తగ్గేదుంటే కారెందుకు తీస్త, మంచంల పండుకుంట" అని బయల్దేరాను. తను షాపుకు పోతున్నానని చెప్పి బండి తీశాడు. చివ్వెంల దగ్గర అమ్మను ఎక్కించుకున్నాను. పండక్కి కట్టే చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది.

కోదాడలో జనార్దన్ సారు ముందు సీట్లో కూర్చుని, కూర్చోగానే సీటును వెనక్కి నెట్టుకున్నాడు. వెనక అమ్మ మోకాళ్లకు తగిలింది. అమ్మ కిక్కురుమనకుండా సంచి ఒళ్లోకి తీసుకుని కాళ్లు ముడుచుకుంది.

"ఎవరీమె?" అన్నాడు సారు, వెనక్కి తిరగకుండానే.

"మా అమ్మ సార్. మిర్యాలగూడల చిన్నప్పటి దోస్తు రాధమ్మ ఉన్నది, చూసొస్తనన్నది."

"ఆఁ" అన్నాడు. పేరు అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో. గొర్రెలు కాసే ఇంటి ఆడమనిషికి పేరుంటుందని ఆయనకు తోచలేదు.

హుజూర్‌నగర్ దాటే దాకా నాకు మాటలు నేర్పాడు. "ఎక్కువ మాట్లాడొద్దమ్మా. నవీన్ సారు దగ్గర విని చెప్పాను, ఆయనకు థాంక్స్, అంతే. నలుగుర్లో ఒక మెట్టు దిగితే మనిషి అరిగిపోడు. రేపు యాప్‌లో వీడియో పాఠాలు పెడుతున్నాం. దానికి నవీన్ ముఖం, నవీన్ భాష బాగుంటాయి. నీ భాష... ఏమనుకోకు, గిట్ల గట్ల అంటావు. యాప్‌లో బాగోదు. నువ్వు వెనకుండి చెప్తుండు, వాడు ముందుండి చెప్తాడు. ఇద్దరికీ మంచిదే కదా."

"వెనకుండి చెప్పుడు ఇప్పటికే నడుస్తున్నట్టున్నది సార్" అన్నాను.

"ఏంటి?"

"ఏం లేదు సార్. దారి దూరం కదా, ఒక పాఠం విందామా? నాకు కార్ల పాఠం వినకపోతే తోచదు."

అద్దాలు పైకెత్తి, ఫోనులో అక్షిత పంపిన రికార్డింగు పెట్టాను. నవీన్ గొంతు కారంతా నిండింది. మంచి గొంతే, లేదనను. "నేను మీకు మా ఇంటి సంగతే చెప్తాను. మా సొంత మేనత్త నడిగూడెంలో ఉంటది. పేరు అలివేలు. గొర్రెలు కాస్తది. పెద్దగట్టు జాతరకు పోవాలంటే మందను విడిచిపోవాలి..." చివరికి నేను ఆగిన చోటే ఆగి, "మీరెవరూ చూడని ఖర్చు అది" అన్నాడు.

వెనక సీట్లో అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అద్దంలో నాకు కనిపించింది. నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది.

"బాగానే చెప్పాడుగా" అన్నాడు సారు. అన్నాడే గాని సీట్లో ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిగాడు.

"నవీన్ మీ తమ్ముని కొడుకే కదా సార్?"

"అయితే?"

"గాయినకు సొంత మేనత్తంటే మీకు తోడబుట్టినామె కావాలె కదా. మీకు నడిగూడెంల గొర్లు కాసే అక్క ఉన్నదని నాకు తెల్వదు."

సారు గొంతు సవరించుకున్నాడు. "ఏదో ఉదాహరణకి అని ఉంటాడమ్మా. పాఠం అన్నాక నాలుగు కథలు కలుపుతారు."

"కలుపుతరు సార్. నేను కూడా కలిపిన."

పెన్‌డ్రైవు గుచ్చాను. సోమవారం సూర్యాపేటలో చెప్పిన నా పాఠం మొదలైంది. అదే నడిగూడెం, అదే అలివేలు, అదే మంద, అదే జాతర. ఆ ఒక్క క్షణం ఆగడం కూడా అదే. మేనత్త ఒక్కటే లేదు. డబ్బా ఆపేశాను. రోడ్డు పక్కన వరిపొలాలు పచ్చగా వెనక్కి పోతున్నాయి. సారు వాటిని కొనడానికి వచ్చినవాడిలా తెగ చూస్తున్నాడు.

"నేను మొదటి నుంచీ అదే అంటున్నా" అన్నాడు చివరికి. "ఇద్దరిదీ ఒకటే పాఠం. వాడిది నువ్వు తీసుకున్నావు."

"నేను సోమవారం చెప్పిన. గాయిన మంగళారం చెప్పిండు."

"తారీకులు ఎవరైనా మార్చొచ్చు. ముందు ఎవరు చెప్పారో ఎవరు చూశారు? సూర్యాపేట పిల్లలు నీ పిల్లలు, నువ్వు ఎట్లా అనమంటే అట్లా అంటారు. ఆ అలివేలు వచ్చి సాక్ష్యం చెప్పుద్దా ఏంటి?"

"సెప్తది సారూ" అంది అమ్మ వెనక నుంచి.

సారు ఈసారి వెనక్కి తిరిగాడు.

"నా పేరే అలివేలు" అంది అమ్మ. కొంగు సర్దుకుని, సంచి పక్కన పెట్టి, తీరిగ్గా అంది. "మాది సివ్వెంల. నడిగూడెం నేను బస్సుల నుంచి గూడ సూడలే. గా పిలగాడు నీ తమ్ముని కొడుకైతే, గాయినకు నేను సొంత మేనత్తనైతే, నీకు అక్కనైతనా సెల్లెనైతనా? నాకైతే తోడబుట్టినోళ్లు ఎవ్వలు లేకుండె, గీ వయసుల అన్న దొరికిండు, సంబురమే. గని గిన్నేండ్ల సంది ఒక్క రాఖీ పున్నానికన్న నన్ను ఇంటికి పిలువకపోతివి. ఒక్క సీరన్న పెట్టకపోతివి. పెట్టకపోతే పెట్టకపోతివి, గీ సీటుతోని సెల్లె మోకాళ్లు నూకుడేంది అన్నా?"

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. లేకపోతే నవ్వుకు కారు పొలంలోకి పోయేది. జనార్దన్ సారు చెయ్యి తనంతట తానే సీటు కిందికి వెళ్లింది. సీటు కటుక్కుమని ముందుకు జరిగింది.

"ఆమె పేరు అలివేలు సార్, మా అమ్మ" అన్నాను. "నడిగూడెం నేను పెట్టిన కోత. మేము గొర్రెకు చెవి కోస్తం, ఎవడన్న తోలుకపోతే మాదని చెప్పేతందుకు. నా పాఠానికి సోమవారం చెవి కోసిన. మంగళారం మిర్యాలగూడల దొరికింది. మీ అబ్బాయి రంగు బాగనే ఏసిండు, మేనత్తను కలిపిండు. చెవి మాత్రం అట్లనే ఉన్నది."

ఇక సారు ఏం చేస్తాడా అని చూశాను. పెద్దమనుషులకు ఒక విద్య ఉంటుంది. మునిగేటప్పుడు పక్కనున్నవాడి తల మీద కాలు పెడతారు. ముఖం గంభీరంగా పెట్టి, "వీడింత పని చేశాడా! ఆగమ్మా, నీ ముందే అడుగుతా" అని ఫోను తీశాడు.

"స్పీకర్ పెట్టండి సార్. అలివేలు గూడ వింటది."

కాదనలేక పెట్టాడు. రెండు రింగులకే నవీన్ ఎత్తాడు.

"రేయ్ నవీన్, ఆ అలివేలు ఉదాహరణ నీకెక్కడిదిరా? నిజం చెప్పు" అన్నాడు సారు. ఆ గద్దింపులోనే ఏదో సైగ ఉంది. కానీ సైగ ఫోనులో కనబడదు కదా.

"అదేంటి పెదనాన్నా?" అన్నాడు నవీన్, పాపం అమాయకంగా. "మీరు పంపిన ఆడియోలోదే కదా! సోమవారం పంపి, రేపే చెప్పెయ్, బుధవారం ఆమె రాకముందే అయిపోవాలి అన్నారు. అందులో ఒకామె అని ఉంది. నేనే మేనత్త అని మార్చా, పిల్లలకి దగ్గరగా ఉంటదని. ఏం, బాలేదా?"

సారు వేలు ఫోను మీదికి పోయేలోపే అమ్మ ముందుకు వంగింది.

"బాగున్నది మేనల్లుడా, మస్తు సెప్పినవ్" అంది అమ్మ.

సారు ఫోను కట్టేశాడు. నాకు ఆ క్షణంలో ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను. నిన్నటి దాకా దొంగనన్న మాట గుండె మీద బండరాయిలా ఉంది. అది దొర్లిపోయింది. ఇక మిర్యాలగూడ వెళ్లడం, పిల్లల ముందు నిలబడడం, జరిగింది జరిగినట్టు చెప్పడం, అంతే అనుకున్నాను.

"బండి ఆపు" అన్నాడు సారు.

"గీడ ఆపితే మీకు ఆటో గూడ దొరకది సార్."

"ఆపమంటున్నా కదా. నేను పారిపోవట్లేదు. నీకొకటి చూపించాలి."

ఆపాను. మిర్యాలగూడ దగ్గర పడుతోంది. రైస్ మిల్లుల గొట్టాలు కనిపిస్తున్నాయి, ఉడికిన వడ్ల వాసన కారులోకి వస్తోంది. సారు మొహంలో ఇందాకటి బెదురు లేదు. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

"నీ పాఠాలు నేను గోడ దూకి ఎత్తుకొచ్చాననుకుంటున్నావా? నా ఫోన్లోకి వాటంతట అవే నడిచొచ్చాయా? చూడు. పంపింది ఎవరో నువ్వే చదువు."

ఫోను నా ముందు పెట్టాడు. ఒకదాని కింద ఒకటి నా పాఠాలు. ఈ సోమవారం పాఠం, పోయిన సోమవారం పాఠం, అంతకు ముందు సోమవారానిది. పైన పేరు ఉంది. కృష్ణ, సూర్యాపేట.

ఇంకో కృష్ణ అయి ఉండొచ్చని అనుకోవడానికి కూడా లేదు. పేరు పక్కన ఫోటోలో ఆయన పక్కన నేను కూడా ఉన్నాను, మా పెళ్లిరోజున షాపు ముందు దిగిన ఫోటో.

రోజూ పొద్దున తాళాల గుత్తికి తగిలించి చేతిలో పెట్టే ఆ పెన్‌డ్రైవు డబ్బాకే గుచ్చి ఉంది. దాన్ని చూడలేకపోయాను. పరాయివాడు కొడితే లేచి నిలబడి తిట్టొచ్చు. సొంత మనిషి చేత కొట్టించుకున్నాక ఎవరిని తిట్టాలి? ఏం తక్కువైంది కృష్ణా నీకు, నా నోటి మాట నాకు లేకుండా చేసేంత ఏం తక్కువైంది? వెనక అమ్మ కూడా ఫోటో చూసినట్టుంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు సారు. గొంతు మళ్లీ మెత్తబడింది. "పిల్లల ముందు లేచి ఎవరి పేరు చెప్తావు? నన్ను అంటే, నేను ఈ ఫోన్ చూపిస్తా. నీ మొగుడు నీ పాఠాలు అమ్ముకున్నాడని మూడు ఊళ్లలో చెప్పుకుంటారు. షాపుకు ఎవడన్నా ఫోన్ ఇస్తాడా రిపేరుకి? నీకేమొస్తది? నవీన్ పేరు ఒక్కసారి చెప్పేసెయ్. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటది. నువ్వు చెప్పిన పాఠమే కదమ్మా, ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి."

నా పాఠమే నాకు అప్పజెప్పాడు. మహానుభావుడు, అంత మాత్రం విన్నాడు.

ఒక వడ్ల లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. ఇంటి పరువు దాచుకుంటే పాఠం పోతుంది. పాఠం నిలబెట్టుకుంటే ఇల్లు వీధిన పడుతుంది. కృష్ణ ఎందుకు చేశాడో నాకు తెలియదు. తెలియకుండా ఆయన్ని దొంగను చేయలేను. కానీ ఆయన కోసం నేను దొంగను కూడా కాలేను. ఈ ఒక్క మాట దగ్గర నా మనసు కుదుటపడింది.

"అమ్మా" అన్నాను. "నువ్వు చెప్పే. ఏం జేద్దాం?"

"నేను సెప్పేదేముందే. మొగుడు దారి తప్పితే ఇంటికి తోలుకొచ్చుకుంటం. దానికోసమని మందనిడిసి పెడతమా?" అంది అమ్మ.

కారు గేరు వేశాను. "పిల్లలు ఎదురు చూస్తుంటరు సార్. పోదాం."

"ఏం చెప్తావు?"

"పాఠం."

మిర్యాలగూడ బ్రాంచి ముందు కారు ఆపి, డబ్బా నుంచి పెన్‌డ్రైవు ఊడబీకి పిడికిట్లో పెట్టుకున్నాను. మెట్లు ఎక్కుతుంటే వెనక సారు, ఆయన వెనక అమ్మ. సారు నన్ను దాటి ముందుకు పోదామని చూశాడు గాని, నేను దారి ఇవ్వలేదు.

క్లాసు కిటకిటలాడుతోంది. ఈ రోజు ఏదో జరుగుతుందని అందరికీ తెలిసిపోయినట్టుంది, వెనక గోడ దగ్గర కూడా నిలబడ్డారు. అక్షిత నన్ను చూసి లేచి నిలబడింది. ఆ పిల్లతో పాటు మిగతావాళ్లూ లేచారు. "గుడ్ మార్నింగ్ మేడం" అన్న మాట గది అదిరేట్టు వచ్చింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అందరూ కూర్చున్నాక మొదటి బెంచీ కనబడింది. ఒక చివర నవీన్, తల దించుకుని. అతని పక్కన, పొద్దున షాపుకు పోతున్నానని చెప్పి బండి తీసిన కృష్ణ.

ఆ వాచిన కళ్లతోనే నన్ను చూస్తున్నాడు. సారు కూడా ఆయన్ని చూశాడు, చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కృష్ణ అక్కడికి వస్తాడని ఆయనకూ తెలియదని ఆ ముఖం చూస్తే తెలిసింది. సారు వెనక్కి తిరిగేలోపే అమ్మ లోపలికి వచ్చి తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

నేను బల్ల దగ్గరికి వెళ్లాను. ఎప్పట్లాగే ఫోను తీసి బల్ల మీద పెట్టి, ఎర్ర చుక్క నొక్కాను. పక్కన పెన్‌డ్రైవు పెట్టాను.

"ఈ పాఠం ఎవరిదో మీ ముందట చెప్పమన్నరు" అన్నాను పిల్లలతో. "చెప్పడానికే వచ్చిన."

కృష్ణ లేచి నిలబడ్డాడు.

"ప్రవళీ, జర ఆగు" అన్నాడు. గొంతు సగమే వచ్చింది. "నువ్వు చెప్పకముందు నేను చెప్త. ఎందుకు పంపిన్నో, నాతోని ఎవరు పంపిచ్చిన్రో, అన్నీ వీళ్లందరి ముందటనే చెప్త."

"కృష్ణా, నోరు మూసుకుని కూర్చో!" అని తలుపు దగ్గర నుంచి అరిచాడు జనార్దన్ సారు.

నేను సారు వైపు చూడలేదు. ఫోనును కృష్ణ వైపు జరిపాను.

"గట్టిగా చెప్పు" అన్నాను. "రికార్డయితున్నది."